పైటెస్ట్ డిఫాల్ట్ సెట్టింగులను ప్రాజెక్టులో భద్రపరచడం ఎలా

పైథాన్ ప్రాజెక్టు మీద నలుగురు పనిచేస్తున్నప్పుడు, టెస్టులను నడిపే పైటెస్ట్ అనే టూల్‌ను ఒక్కొక్కరు ఒక్కో రకంగా నడపడం మామూలే. ఒకరు ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడుపుతారు, మరొకరు టెర్మినల్‌లో పైబాణం నొక్కి నిన్నటి పొడవాటి కమాండ్‌నే మళ్లీ తెచ్చుకుంటారు, బిల్డ్ సర్వర్‌లో ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన మూడో కమాండ్ నడుస్తూ ఉంటుంది. కోడ్ ఒకటే అయినా ఫలితాలు తలా ఒక రకంగా వస్తాయి. ఆపైన "నా దగ్గర పాస్ అయిందే" అన్న వాదన మొదలవుతుంది. ఈ చిక్కును తప్పించడానికి పైటెస్ట్‌లో కాన్ఫిగరేషన్ ఫైల్ అనే ఏర్పాటు ఉంది. దానిని ఎక్కడ పెట్టాలో, అందులో ఏమి రాయాలో, ఏమి రాయకూడదో ఈ వ్యాసంలో వరుసగా చూద్దాం.

ఒక సూచన: ఇక్కడ ఫైళ్ల పేర్లు, ఆప్షన్ల పేర్లు అన్నీ తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీ ఫైల్లో మాత్రం వాటిని ఇంగ్లిష్ అక్షరాలలోనే టైప్ చేయాలి. హైఫన్, అండర్‌స్కోర్, చదరపు బ్రాకెట్ వంటి గుర్తులు ఇక్కడ ఎలా ఉన్నాయో అలాగే ఉంచాలి.

మొదట: ఏ సెట్టింగ్ ఎవరిదో తేల్చుకోండి

ఫైల్ తెరవడానికి ముందు, మీరు రోజూ వాడే ఆప్షన్లన్నింటినీ ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కొక్కదాని దగ్గర ఆగి, ఇది ప్రాజెక్టు తీసుకున్న నిర్ణయమా, మీ సొంత అలవాటా, ఈ పూటకు మాత్రమే పట్టిన అవసరమా అని అడగండి. టెస్టులు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయన్నది ప్రాజెక్టు నిర్ణయం. అది అందరికీ ఒకటే కావాలి. ఫలితాలు వివరంగా కనిపించాలా, క్లుప్తంగా కనిపించాలా అన్నది మీ కంటికి సంబంధించిన విషయం. మొదటి ఫెయిల్ దగ్గరే ఆగిపోవాలని ఇచ్చే -ఎక్స్ ఆప్షన్, ఒక బగ్ వెంట పడినప్పుడు తప్ప అక్కర్లేనిది.

మొదటి రకం కాన్ఫిగరేషన్ ఫైల్లోకి వెళుతుంది, రెండవది మీ కంప్యూటర్‌లోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లోకి, మూడవది కమాండ్ లైన్ మీదనే ఉండిపోతుంది. కాన్ఫిగరేషన్ ఫైళ్లలో నేను చూసిన గందరగోళంలో ఎక్కువ భాగం ఈ మూడింటినీ ఒకే చోట కుక్కడం వల్ల వచ్చినదే. ఇంటర్నెట్‌లో దొరికిన ఇరవై వరుసల ఫైల్‌ను తెచ్చి యథాతథంగా అతికించడం, ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్న చందంగానే ఉంటుంది; అందులోని ప్రతి వరుసా ఇంకెవరి ప్రాజెక్టుకో సంబంధించిన నిర్ణయం.

ఫైల్‌ను ఎంచుకోండి

పైటెస్ట్ తన సెట్టింగులను కొన్ని నిర్ణీతమైన పేర్లున్న ఫైళ్లలోనే వెతుకుతుంది. అందులో పైటెస్ట్.ఐఎన్ఐ అన్నిటికంటే సూటిది. ప్యాకేజీ వివరాలుండే పైప్రాజెక్ట్.టామ్ల్‌లో కూడా రాయవచ్చు. ఈ సదుపాయం 2020లో వచ్చిన 6.0 వెర్షన్ నుంచి ఉంది. టాక్స్ అనే టెస్టింగ్ టూల్ వాడేవారు టాక్స్.ఐఎన్ఐలో, పాత ప్రాజెక్టులవారు సెటప్.సీఎఫ్‌జీలో రాసుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఇటీవలి 9.0 వెర్షన్ పైటెస్ట్.టామ్ల్ అనే కొత్త పేరును కూడా గుర్తిస్తుంది.

ఫైల్ పేరును బట్టి లోపల రాసే సెక్షన్ శీర్షిక మారుతుంది. పైటెస్ట్.ఐఎన్ఐలోనూ టాక్స్.ఐఎన్ఐలోనూ [పైటెస్ట్] అని ఉంటే చాలు. సెటప్.సీఎఫ్‌జీలో మాత్రం [టూల్:పైటెస్ట్] అని రాయాలి. అక్కడ ఉత్త [పైటెస్ట్] అని రాస్తే పైటెస్ట్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. పైప్రాజెక్ట్.టామ్ల్‌లో శీర్షిక [టూల్.పైటెస్ట్.ఐఎన్ఐ_ఆప్షన్స్]. చివరి ముక్క అనవసరంగా తగిలించినట్టు అనిపిస్తుంది గానీ, టామ్ల్ పద్ధతిని పూర్తిగా వాడుకునే రోజు కోసం [టూల్.పైటెస్ట్] అనే పేరును అప్పట్లో ఖాళీగా అట్టేపెట్టారు, ఆ రోజు 9.0 వెర్షన్‌తో వచ్చింది.

మీ ప్రాజెక్టులో పైప్రాజెక్ట్.టామ్ల్ ఇప్పటికే ఉండి, ఫార్మాటర్, లింటర్ వంటి మిగతా టూల్స్ సెట్టింగులు కూడా అందులోనే ఉంటే, పైటెస్ట్ సెట్టింగులనూ అక్కడే పెట్టండి. టెస్టులు మాత్రమే ఉన్న రిపాజిటరీ అయితే పైటెస్ట్.ఐఎన్ఐ చాలు, దాన్ని చదవడం తేలిక, పేరు చూడగానే పని తెలుస్తుంది. కొత్తగా రాసేవారు సెటప్.సీఎఫ్‌జీ జోలికి పోనవసరం లేదు. ఆ ఫైల్‌ను చదివే పార్సర్ వేరు కావడం వల్ల పట్టుకోవడం కష్టమైన చిక్కులు వస్తాయని పైటెస్ట్ డాక్యుమెంటేషన్ కూడా హెచ్చరిస్తుంది.

ఏది ఎంచుకున్నా ఒక్కటే ఎంచుకోండి. పైటెస్ట్ రెండు ఫైళ్లలోని సెట్టింగులను ఎన్నడూ కలిపి చదవదు. ముందు దొరికినదాన్ని తీసుకుని మిగతావాటిని పక్కన పెడుతుంది. పైటెస్ట్.ఐఎన్ఐ విషయంలో ఇది మరీ కచ్చితం: ఆ ఫైల్ పూర్తిగా ఖాళీగా ఉన్నా సరే, పక్కనే ఉన్న పైప్రాజెక్ట్.టామ్ల్‌లో ముప్పై వరుసలు రాసి ఉన్నా సరే, ఖాళీ ఫైలే చెల్లుతుంది.

ఫైల్‌ను రాయండి

ఫైల్‌ను ప్రాజెక్టు మూల ఫోల్డర్‌లో, అంటే గిట్ రిపాజిటరీ మొదలయ్యే చోట పెట్టండి. చిన్న బిల్లింగ్ అప్లికేషన్‌కు సరిపోయే పైటెస్ట్.ఐఎన్ఐ ఇలా ఉంటుంది:

[పైటెస్ట్]
మిన్‌వెర్షన్ = 7.0
టెస్ట్‌పాత్స్ = టెస్ట్స్
యాడ్ఆప్ట్స్ = -ఆర్ఎ --స్ట్రిక్ట్-మార్కర్స్ --స్ట్రిక్ట్-కాన్ఫిగ్
ఎక్స్‌ఫెయిల్_స్ట్రిక్ట్ = ట్రూ
మార్కర్స్ =
    స్లో: ఎక్కువసేపు నడిచే టెస్టులు
    డేటాబేస్: నిజమైన డేటాబేస్ అవసరమయ్యే టెస్టులు
ఫిల్టర్‌వార్నింగ్స్ =
    ఎర్రర్
    ఇగ్నోర్::డిప్రికేషన్‌వార్నింగ్

ఒకే సెట్టింగ్‌కు అనేక విలువలు ఇచ్చేటప్పుడు ఒక్కొక్కటి ఒక్కో వరుసలో, ఎడమవైపు కొంత ఖాళీ వదిలి రాయాలి. ఆ ఖాళీ లేకపోతే ఆ వరుసను కొత్త సెట్టింగ్‌గా భావిస్తుంది. వ్యాఖ్యలు రాయదలిస్తే హాష్ గుర్తుతో వేరే వరుసలోనే రాయండి. విలువ పక్కన రాయకండి.

మిన్‌వెర్షన్ వల్ల, ఎవరి కంప్యూటర్‌లోనైనా అంతకంటే పాత పైటెస్ట్ ఉంటే టెస్టులు మొదలు కాకముందే ఆ సంగతి చెప్పి ఆగిపోతుంది. ఇదే తరహాలో రిక్వైర్డ్_ప్లగిన్స్ అనే సెట్టింగ్ కూడా ఉంది. అవసరమైన ప్లగిన్‌ల పేర్లు అందులో రాస్తే, అవి లేనివారికి స్పష్టమైన సందేశం కనిపిస్తుంది.

టెస్ట్‌పాత్స్ అన్నది టెస్టులు ఉన్న ఫోల్డర్ పేరు. మీరు మూల ఫోల్డర్‌లో నిలబడి, ఏ దారీ ఇవ్వకుండా పైటెస్ట్‌ను నడిపినప్పుడు మాత్రమే ఇది పనిచేస్తుంది. కమాండ్ లైన్ మీద ఒక ఫైల్ పేరు ఇచ్చినా, లోపలి ఫోల్డర్‌లోకి వెళ్లి నడిపినా దీని ప్రమేయం ఉండదు. టెస్ట్ ఫైళ్ల పేర్లు టెస్ట్_ తో మొదలైనా, _టెస్ట్ తో ముగిసినా పైటెస్ట్ తనంతట తానే గుర్తిస్తుంది కాబట్టి, ఆ పద్ధతినే పాటించేవారు పైథాన్_ఫైల్స్ అనే సెట్టింగ్‌ను ముట్టుకోనక్కర్లేదు. డిఫాల్ట్‌గా ఉన్నదానినే మళ్లీ ఫైల్లో రాయడం వల్ల ఒరిగేదేమీ లేదు. చదివేవారికి మాత్రం ఇక్కడేదో విశేషం ఉందన్న భ్రమ కలుగుతుంది.

యాడ్ఆప్ట్స్‌లోని -ఆర్ఎ, పాస్ కాని టెస్టుల క్లుప్త జాబితాను చివర చూపిస్తుంది. మార్కర్స్ అంటే టెస్టులను వర్గాలుగా విడదీయడానికి వాటికి తగిలించే గుర్తులు. మార్కర్స్, --స్ట్రిక్ట్-మార్కర్స్ రెండూ జంటగా ఉండాలి. కారణం ఒక చిన్న ఉదాహరణతో తెలుస్తుంది. నెలాఖరు బిల్లులన్నింటినీ లెక్కించే టెస్టుకు స్లో అనే మార్కర్ పెట్టబోయి, ఎవరో అక్షరాలు తారుమారు చేశారనుకోండి. రోజువారీ రన్‌లో, స్లో మార్కర్ ఉన్నవాటిని వదిలేయమని -ఎం "నాట్ స్లో" అని ఇస్తే ఆ టెస్ట్ మినహాయింపులోకి రాదు, ఎందుకంటే దాని మార్కర్ స్లో కాదు, ఇంకేదో. స్ట్రిక్ట్ ఆప్షన్ లేనప్పుడు పైటెస్ట్ ఒక వార్నింగ్ మాత్రం ఇస్తుంది. నలభై వార్నింగుల మధ్య దాన్ని ఎవరూ చదవరు. ఆప్షన్ ఉంటే, మార్కర్స్ జాబితాలో ఆ పేరు లేదని చెప్పి టెస్టులను సేకరించే దశలోనే ఎర్రర్ ఇస్తుంది. --స్ట్రిక్ట్-కాన్ఫిగ్ ఇదే క్రమశిక్షణను కాన్ఫిగరేషన్ ఫైల్ మీద అమలు చేస్తుంది: టెస్ట్‌పాత్స్ అన్న పేరులో చివరి అక్షరం జారిపోతే, అది లేనట్టే నడవకుండా ఎర్రర్‌తో ఆగుతుంది. పై ఫైల్లో ఒక్క వరుసే మిగుల్చుకోమంటే నేను ఈ రెండు ఆప్షన్లున్న వరుసనే మిగుల్చుకుంటాను.

ఎక్స్‌ఫెయిల్_స్ట్రిక్ట్ గురించి ఒక మాట. ఫెయిల్ అవుతుందని ముందే తెలిసిన టెస్టుకు ఎక్స్‌ఫెయిల్ గుర్తు పెడతాం. తర్వాత ఎవరో ఆ బగ్‌ను సరిచేస్తారు, టెస్ట్ పాస్ అవడం మొదలవుతుంది, గుర్తు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఈ సెట్టింగ్ ట్రూ అయితే, అనుకోకుండా పాస్ అయిన టెస్టును ఫెయిల్‌గానే చూపిస్తుంది. అప్పుడు గుర్తును తీసివేయక తప్పదు.

ఫిల్టర్‌వార్నింగ్స్‌లో వరుస క్రమం ముఖ్యం. ఒక వార్నింగ్‌కు రెండు నియమాలు వర్తిస్తే, చివర ఉన్న నియమం చెల్లుతుంది. అందుకే అన్ని వార్నింగులనూ ఎర్రర్లుగా మార్చే సాధారణ నియమాన్ని పైన పెట్టి, మినహాయింపులను కింద రాశాం. క్రమం తిరగబడితే మినహాయింపులకు అర్థం ఉండదు. నిజానికి డిప్రికేషన్‌వార్నింగ్ మొత్తాన్ని వదిలివేయడం కొంత ఉదారమైన మినహాయింపే. ఏ లైబ్రరీ నుంచి వస్తోందో తెలిసిన తర్వాత ఆ మాడ్యూల్ పేరుకు మాత్రమే పరిమితం చేయడం మంచిది.

పైప్రాజెక్ట్.టామ్ల్‌లో ఇవే సెట్టింగులు రాసేటప్పుడు విలువలకు కొటేషన్ గుర్తులు కావాలి, మార్కర్స్ వంటి జాబితాలను చదరపు బ్రాకెట్లలో కామాలతో వేరుచేసి ఇవ్వాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో బ్యాక్‌స్లాష్ ఉంటే ఆ విలువను సింగిల్ కొటేషన్లలో పెట్టండి. డబుల్ కొటేషన్లలో టామ్ల్ దానికి వేరే అర్థం తీసుకుంటుంది.

యాడ్ఆప్ట్స్‌లో ఏది పెట్టాలో ఆచితూచి నిర్ణయించండి

యాడ్ఆప్ట్స్‌లో రాసిన ఆప్షన్లను, మీరు కమాండ్ లైన్ మీద ఇచ్చినవాటికి ముందు చేర్చి పైటెస్ట్ నడుస్తుంది. వరుస ఇలా ఉంటుంది: మొదట ఫైల్లోని యాడ్ఆప్ట్స్, తర్వాత పైటెస్ట్_యాడ్ఆప్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్నవి, చివరగా మీరు స్వయంగా టైప్ చేసినవి. ఒకే ఆప్షన్ రెండుసార్లు వస్తే సాధారణంగా చివరిదే నిలుస్తుంది.

ఈ ఒక్క సూత్రం తెలిసి ఉంటే చాలా సందేహాలు తీరుతాయి. ఉదాహరణకు యాడ్ఆప్ట్స్‌లో -ఎం "నాట్ స్లో" అని పెట్టారనుకోండి. కమాండ్ లైన్ మీద -ఎం డేటాబేస్ అని ఇస్తే, డేటాబేస్ టెస్టుల్లో నెమ్మదైనవి మినహా మిగతావి నడుస్తాయని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. రెండు షరతులూ కలవవు. రెండవది మొదటిదాన్ని తుడిచివేస్తుంది, కాబట్టి నెమ్మదైనవాటితో సహా అన్ని డేటాబేస్ టెస్టులూ నడుస్తాయి. రెండూ కావాలంటే "డేటాబేస్ అండ్ నాట్ స్లో" అని మీరే పూర్తిగా రాయాలి.

-వి, -క్యూ ఆప్షన్ల తీరు వేరు. అవి ఒకదాన్నొకటి తుడిచివేయవు, కూడికలు తీసివేతలు చేసుకుంటాయి. ఫైల్లో -క్యూ ఉండి మీరు -వి ఇస్తే, ఆ రెండూ చెల్లుకు చెల్లై మామూలు అవుట్‌పుటే వస్తుంది. వివరంగా చూడాలనుకున్నవారు -వివి అని ఇవ్వవలసి వస్తుంది. అందుకే ఈ రెండింటినీ ప్రాజెక్టు ఫైల్లో పెట్టకపోవడమే మేలు.

కవరేజ్‌ను, అంటే టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో లెక్కించే --కవ్ ఆప్షన్‌ను యాడ్ఆప్ట్స్‌లో పెట్టే అలవాటు విస్తారంగా ఉంది. నా ఉద్దేశంలో అది అక్కడ ఉండవలసినది కాదు. మొదటి కారణం, పైటెస్ట్-కవ్ ప్లగిన్ ఇన్‌స్టాల్ చేసుకోనివారికి ఒక్క టెస్టు కూడా నడవదు. గుర్తించని ఆర్గ్యుమెంట్ అన్న ఎర్రర్ వస్తుంది. రెండవది, కవరేజ్ కొలిచే పద్ధతీ డీబగ్గర్ పనిచేసే పద్ధతీ పైథాన్‌లో ఒకే కొక్కేన్ని పట్టుకుని వేలాడుతూ వచ్చాయి కాబట్టి, ఎడిటర్‌లో పెట్టిన బ్రేక్‌పాయింట్ల దగ్గర ప్రోగ్రామ్ ఆగకుండా పోవచ్చు. అప్పుడు --నో-కవ్ ఇచ్చి నడపాలన్న సంగతి తెలియనివారు బ్రేక్‌పాయింట్ ఎందుకు పనిచేయడం లేదో తెలియక పూటంతా పోగొట్టుకుంటారు. కవరేజ్ కమాండ్‌ను బిల్డ్ సర్వర్ స్క్రిప్టులో ఉంచండి. టెస్టులను సమాంతరంగా నడిపే -ఎన్ ఆటో విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. ఒక్క చిన్న టెస్టును నడపడానికి వర్కర్ ప్రాసెస్‌లన్నింటినీ లేపడం ఆలస్యానికే దారితీస్తుంది.

మీ ఫైలే అమలవుతోందా అని చూడండి

ఫైల్ రాసి సేవ్ చేసిన తర్వాత మూల ఫోల్డర్ నుంచి పైటెస్ట్‌ను ఏ ఆప్షనూ లేకుండా నడపండి. అవుట్‌పుట్ పైభాగంలో రూట్‌డిర్, కాన్ఫిగ్‌ఫైల్, టెస్ట్‌పాత్స్ అన్న వివరాలు కనిపిస్తాయి. కాన్ఫిగ్‌ఫైల్ దగ్గర మీరు రాసిన ఫైల్ పేరే ఉండాలి. అవుట్‌పుట్ పైభాగమే కనిపించకపోతే ఎక్కడో -క్యూ అమలులో ఉన్నదన్నమాట. క్లుప్తంగా నడిచేటప్పుడు పైటెస్ట్ ఈ వివరాలను దాచివేస్తుంది.

ఇప్పుడు టెస్ట్స్ ఫోల్డర్ పేరు ఇచ్చి మరొకసారి నడపండి. రెండుసార్లూ ఒకే ఫైల్ పేరు రావాలి. రాకపోతే కారణం ఇది: కమాండ్ లైన్ మీద ఇచ్చిన దారులన్నింటికీ ఉమ్మడిగా ఉన్న ఫోల్డర్‌ను పైటెస్ట్ ముందుగా కనుగొని, అక్కడి నుంచి పైకి వెళుతూ కాన్ఫిగరేషన్ ఫైల్ కోసం వెతుకుతుంది. టెస్ట్స్ ఫోల్డర్‌లో ఎవరో వదిలేసిన పాత పైటెస్ట్.ఐఎన్ఐ ఉంటే, ఆ ఫోల్డర్ పేరు ఇచ్చినప్పుడు అదే ముందు దొరుకుతుంది. మూల ఫోల్డర్ నుంచి నడిపేవారికి ఒక సెట్టింగ్, ఆ ఫోల్డర్ పేరు ఇచ్చి నడిపేవారికి మరొక సెట్టింగ్ రావడానికి ఇంతకు మించిన రహస్యం లేదు.

ఇంకా రెండు కమాండ్లు ఉపయోగపడతాయి. పైటెస్ట్ --మార్కర్స్ అని ఇస్తే మీరు రాసిన మార్కర్లు వివరణలతో సహా వస్తాయి. పైటెస్ట్ --కలెక్ట్-ఓన్లీ -క్యూ అని ఇస్తే, టెస్టులను నడపకుండా, ఏయే టెస్టులు దొరికాయో చూపిస్తుంది; ఫైల్ మార్చడానికి ముందూ తర్వాతా ఈ జాబితాను పోల్చి చూస్తే ఏదైనా టెస్టు జారిపోయిందేమో తెలిసిపోతుంది. ఫైల్లో రాయగల సెట్టింగులన్నింటి జాబితా కావాలంటే పైటెస్ట్ --హెల్ప్ అవుట్‌పుట్ చివరి భాగం చదవండి. అందులో మీరు ఇన్‌స్టాల్ చేసుకున్న ప్లగిన్‌ల సెట్టింగులు కూడా కలిసే ఉంటాయి.

సొంత అలవాట్లను మీ దగ్గరే ఉంచుకోండి

మీకు వివరమైన అవుట్‌పుట్ ఇష్టమైతే పైటెస్ట్_యాడ్ఆప్ట్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు -వి అని విలువ ఇవ్వండి. పేరు మొత్తం క్యాపిటల్ అక్షరాల్లో ఉండాలి. లినక్స్‌లో బ్యాష్ వాడేవారు తమ హోమ్ ఫోల్డర్‌లోని .బ్యాష్‌ఆర్‌సీలో ఎక్స్‌పోర్ట్ వరుసగా రాసుకోవచ్చు. విండోస్‌లో సిస్టమ్ సెట్టింగులలోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ పేజీలో చేర్చుకోవచ్చు. ఇది గిట్‌లోకి వెళ్లదు, ఇతరులను ఇబ్బంది పెట్టదు. ఒక ఇబ్బంది మాత్రం ఉంది: ఇది మీ కంప్యూటర్‌లోని అన్ని ప్రాజెక్టులకూ వర్తిస్తుంది. కాబట్టి ప్లగిన్‌లకు చెందిన ఆప్షన్లను ఇక్కడ పెట్టకండి.

ఒక్క రన్‌కు మాత్రం ఫైల్లోని సెట్టింగ్‌ను మార్చాలంటే -ఓ వాడండి. పైటెస్ట్ -ఓ ఎక్స్‌ఫెయిల్_స్ట్రిక్ట్=ఫాల్స్ అంటే ఆ ఒక్కసారికి సడలింపు. పైటెస్ట్ -ఓ యాడ్ఆప్ట్స్="" అని ఖాళీ విలువ ఇస్తే, ఫైల్లోని ఆప్షన్లేవీ లేకుండా నడుస్తుంది; ఏదైనా వింత ప్రవర్తన కనిపించినప్పుడు తప్పు టెస్టుదా, డిఫాల్ట్‌లదా అని తేల్చుకోవడానికి నేను మొదట చేసే పరీక్ష ఇదే. పూర్తిగా వేరే ఫైల్ వాడాలంటే -సి పక్కన దాని పేరు ఇవ్వండి.

ప్రాజెక్టుకే ప్రత్యేకమైన సెట్టింగులు

కొన్ని డిఫాల్ట్‌లు పైటెస్ట్‌కు తెలియనివి. టెస్టులు ఏ సర్వర్ చిరునామాకు వెళ్లాలన్నది అందుకు ఉదాహరణ. దీన్ని టెస్ట్ ఫైళ్లలో నేరుగా రాయకుండా, మూల ఫోల్డర్‌లో కాన్ఫ్‌టెస్ట్.పీవై అనే ఫైల్ పెట్టి, అందులో పైటెస్ట్_యాడ్ఆప్షన్ అనే ఫంక్షన్ రాయండి. ఆ ఫంక్షన్‌కు అందే పార్సర్ ద్వారా రెండు పనులు చేయాలి: యాడ్ఐఎన్ఐతో సర్వీస్_యుఆర్ఎల్ అనే సెట్టింగ్‌ను కాన్ఫిగరేషన్ ఫైల్లో రాయడానికి వీలు కల్పించాలి, యాడ్ఆప్షన్‌తో --సర్వీస్-యుఆర్ఎల్ అనే కమాండ్ లైన్ ఆప్షన్‌ను, డిఫాల్ట్ విలువ నన్ (విలువ ఏదీ లేదని చెప్పే పైథాన్ పదం) గా, ప్రకటించాలి. తర్వాత ఒక ఫిక్స్చర్‌లో (టెస్టులకు కావలసినదాన్ని సిద్ధం చేసి అందించే ఫంక్షన్‌లో), ముందు గెట్ఆప్షన్‌తో కమాండ్ లైన్ విలువను అడిగి, అది నన్ అయితే గెట్ఐఎన్ఐతో ఫైల్లోని విలువను తీసుకోండి. ఇక్కడ ఆప్షన్‌కు నన్ కాక ఏదైనా నిజమైన చిరునామా డిఫాల్ట్‌గా ఇస్తే, ఫైల్లో ఏమి రాసినా అది ఎప్పటికీ చదవబడదు.

ఈ ఫంక్షన్‌ను లోపలి ఫోల్డర్లలోని కాన్ఫ్‌టెస్ట్.పీవైలో పెట్టకండి. పైటెస్ట్ ఆప్షన్లను చదివే సమయానికి ఆ ఫైళ్లు లోడ్ అయి ఉండకపోవచ్చు. అప్పుడు మీ సొంత ఆప్షన్‌నే తెలియని ఆప్షన్ అంటుంది.

పాస్‌వర్డ్‌లు, ఏపీఐ కీలు మాత్రం ఏ రూపంలోనూ ఈ ఫైళ్లలోకి రాకూడదు. ఇవి గిట్‌లో ఉండే ఫైళ్లు. ఒకసారి కమిట్ అయిన రహస్యం, తర్వాత వరుస తొలగించినా చరిత్రలో ఉండిపోతుంది. వాటిని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ నుంచే ఫిక్స్చర్ చదువుకోవాలి.

పాతవాటిని తొలగించండి

చివరగా, ప్రాజెక్టు మొత్తం ఒకసారి వెతకండి. టాక్స్.ఐఎన్ఐలో [పైటెస్ట్] సెక్షన్, సెటప్.సీఎఫ్‌జీలో [టూల్:పైటెస్ట్] సెక్షన్, లోపలి ఫోల్డర్లలో విడి పైటెస్ట్.ఐఎన్ఐ ఫైళ్లు మిగిలి ఉంటే, వాటిలోని అవసరమైన వరుసలను కొత్త ఫైల్లోకి తెచ్చి, ఆ సెక్షన్లను అదే కమిట్‌లో తొలగించండి. తర్వాతి వారానికి వాయిదా వేస్తే, ఈలోగా ఎవరో ఒకరు చెల్లని ఫైల్లో కొత్త మార్కర్ చేర్చి, స్ట్రిక్ట్ ఎర్రర్ చూసి తికమకపడతారు. బిల్డ్ సర్వర్ స్క్రిప్టును కూడా తెరిచి, ఇప్పుడు ఫైల్లోకి వచ్చిన ఆప్షన్లను అక్కడి కమాండ్ నుంచి తీసివేయండి. ఆ కమాండ్‌లో కవరేజ్ వంటి సర్వర్‌కు మాత్రమే అవసరమైన ఆప్షన్లు మిగలాలి. మార్పు పంపిన తర్వాత సర్వర్ లాగ్‌లో కాన్ఫిగ్‌ఫైల్ వరుసను, మొత్తం టెస్టుల సంఖ్యను మీ కంప్యూటర్‌లో వచ్చినవాటితో సరిచూడండి.